ఇరవై మూడు తలకాయలు

తెల్లవారుజామున మూడున్నరకి
హాస్టల్ గేటు కాడ విజిల్ ఊదితే
ముందు కుక్కలు లేస్తాయి,
తర్వాత వంట పెంచలయ్య,
ఆ తర్వాతే మిగతా తలకాయలు.
ఇరవై మూడు.
టార్చి ఒక్కో మొహం మీద ఆపి లెక్కబెడతా.
ఒకడు నిలబడే నిద్రపోతా ఉంటాడు, వాణ్ణి రెండుసార్లు.

రోహిణి కార్తెలో ఉదయగిరి కొండంటే
తొమ్మిదింటికే పెనం.
ఆలోపు పైకి చేరి నీడ పట్టుకోవాలి,
పొద్దు వాలేదాకా దిగేదానికి లేదు.
ఎండాకాలమంతా ఇదే నా ఉద్యోగం,
బ్యాచీకి ఆరు రోజులు, ఆరు బ్యాచీలు.
తాడుకి ముడి నేర్పిస్తా,
దప్పిక కాకముందే తాగడం నేర్పిస్తా,
బొబ్బ లేచిన మడమని ఏం చెయ్యాలో,
ఎలుగుబంటి పెంట కనపడితే
ఎట్టా గమ్మున వెనక్కి తిరగాలో.

కలివి పండు ఏది పులుపో ఏది తీపో
నాకు వాళ్ళు నేర్పించారు.
మాల్యాద్రి అనేవాడు నా బూట్లు తేరిపార చూసి
"ఇవి యేసుకుంటే రాయి కదిలేది
మీ కాలికెట్టా తెలస్తది సార్" అన్నాడు.
వాడి చెప్పులు అప్పటికే రెండు చోట్ల తెగి
పిన్నీసు మీద బతకతా ఉండాయి.

నాలుగో బ్యాచీలో ఖాజాబీ.
మూడో మలుపులో, కూలిన కోటగోడ పక్కన
రాయి మీద కూచుండిపోయింది.
"నేనింతే సార్. మీరు పొండి."
భయమా అంటే కాదంది.
కాళ్ళనొప్పా? కాదు.
రెండో రోజూ అదే రాయి.
మూడో రోజూ.
నాకు కోపమొచ్చింది, దాచుకోలేదు.
"పైదాకా పోకుండా ఇంటికిపోయి ఏం చెప్పుకుంటావ్?"
ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే
అన్నంలో రాయి కొరికినట్టు.

నాలుగో రోజు
పిల్లల్ని కస్తూరమ్మ మేడం వెంట పంపించి
నేనూ ఆ పిల్ల పక్కన కూచున్నా.
చానాసేపు మాటల్లేవు.
ఎండ గోడ దిగి మా మోకాళ్ళ దాకా వచ్చింది.
అప్పుడంది, "వినండి సార్."

కింద కొండమొదట్లో ఎక్కడో
చెక్క మీద బాడిస పడతా ఉండాది.
రెండు దెబ్బలు, ఆగడం.
రెండు దెబ్బలు, ఆగడం.
"మా అమ్మ. గరిటెలు చెక్కతాది.
ఆగినప్పుడల్లా దగ్గతా ఉన్నట్టు.
ఇక్కడి దాకా వినపడతాది,
ఇంకో మలుపు తిరిగితే వినపడదు."

ఊళ్ళో సగం ఇళ్ళల్లో అదే పని,
అదే చెక్క, అదే బాడిస.
అది వాళ్ళమ్మదేనని ఎట్టా తెలుసు అని అడగలేదు.
నాకు నిజంగా వినపడిందో,
ఆ పిల్ల చెప్పినాక వినపడిందో
అదీ ఖాయంగా చెప్పలేను.
ఇంటికి పంపనా అంటే తల అడ్డంగా ఊపింది:
"తిడతాది సార్.
క్యాంపుకి పేరిచ్చింది ఆమే."

ఇద్దరం దెబ్బలు లెక్కబెట్టాం.
నూటనలభై దాకా నాకు గుర్తు.
ఒకసారి ఆగడం బాగా సాగింది.
ఖాజాబీ నా చెయ్యి పట్టుకోలేదు,
గోడ సందులో మొలిచిన గడ్డిపోచని పట్టుకునింది.
మళ్ళా మొదలైనాక
దాన్ని వదిలేసి
సీసాలో నీళ్ళు సగం తాగి మిగతాది నాకిచ్చింది.

రిపోర్టులో 'శిఖరం చేరినవారు' గడిలో
ఇరవై రెండు రాశా.
దాని పక్కన ఇంకో గడి లేదు.

ఐదో బ్యాచీని, ఆరో బ్యాచీని
మూడో మలుపులో ఊరికే నిలబెట్టా.
"ఏం చూడాలి సార్?"
చూడొద్దు, గమ్మునుండండి.
ఒకడికి నవ్వాగలేదు.
ఒకడికి నీళ్ళ ట్యాంకరు వినపడింది,
ఒకడు ఎవరిదో ఎనుమును పేరుపెట్టి పిలిచాడు.
బాడిస నేను వెతికినప్పుడు వినపడలేదు.

బడులు తెరిచారు. తొలకరి పడింది.
నెల్లూరులో అద్దెగదిలో
ఇప్పటికీ మూడున్నరకి మెలకువొస్తాది,
బూట్లు ఎక్కడని కాలు వెతుకుతాది.
ఆత్మకూరు బస్సులో కూచుంటే చెయ్యి దానంతటదే లేచి
తలకాయలు లెక్కబెట్టబోతాది.
ఒకటి, రెండు,
అక్కడ ఆగుతా.